థామస్ యోహాన్ సీబెక్

థామస్ యోహాన్ సీబెక్ (ఏప్రిల్ 9, 1770 - డిసెంబరు 10, 1831) సుప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త. రెండు వేర్వేరు లోహాలతో తయారైన వలయంలో ఒక సంధిని వేడిచేసి, రెండవ సంధిని చల్లగా ఉంచినప్పుడు ఆ వలయంలో విద్యుత్ ప్రవాహం ఏర్పడుతుంది. ఈ దృగ్విషయాన్ని ఇతడు 1821లో బెర్లిన్‌లో వెల్లడించాడు. దీనిని సీబెక్ ఫలితం అంటారు. కర్మాగారాలలోని కొలుములు, బాయిలర్లు, శీతల గిడ్డంగుల ఉష్ణోగ్రతను కొలవడానికి నేడు వాడుతున్న ఉష్ణయుగ్మం (వాడుకలో థర్మోకపుల్) ఈ ఫలితం ఆధారంగానే పనిచేస్తుంది. అయితే తాను కనుగొన్నది విద్యుత్తు కాదని, లోహాలలో ఉష్ణం వలన కలిగే అయస్కాంతత్వమని సీబెక్ విశ్వసించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

సీబెక్ బాల్టిక్ సముద్ర తీరంలోని రెవాల్ నగరంలో జన్మించాడు. ఆనాడు రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఈ నగరం నేడు తాలిన్ అనే పేరుతో ఎస్టోనియా దేశ రాజధానిగా ఉంది. ఇతని కుటుంబం సంపన్నమైన జర్మన్ వర్తక కుటుంబం. తండ్రి ప్రోత్సాహంతో బెర్లిన్, గోటింగెన్ నగరాలలో వైద్యశాస్త్రం అభ్యసించి, 1802లో గోటింగెన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. అయితే ఇతని అభిరుచి భౌతికశాస్త్రం వైపు ఉండేది. కుటుంబ సంపద వలన జీవనోపాధికి చింత లేకపోవడంతో వైద్యవృత్తిని వదలి పరిశోధనలకే అంకితమయ్యాడు.

యెనా నగరంలో

1802 నుండి 1810 వరకు సీబెక్ యెనాలో నివసించాడు. ఆ కాలంలో యెనా జర్మన్ తత్వవేత్తలకు, కవులకు, శాస్త్రవేత్తలకు కూడలిగా ఉండేది. తత్వవేత్తలు షెల్లింగ్, హెగెల్, విద్యుత్ రసాయన శాస్త్రంలో ప్రయోగాలు చేసిన రిట్టర్, మహాకవి గోథే ఇతని పరిచయస్తులు. ప్రకృతిలోని శక్తులన్నీ ఒకే మూలశక్తికి భిన్నరూపాలని ఈ వర్గంలోని పలువురు భావించేవారు. వేడికీ, వెలుగుకూ, అయస్కాంతత్వానికీ ఏదో సంబంధం ఉండాలనే ఈ భావన సీబెక్ తదుపరి పరిశోధనలకు నేపథ్యంగా నిలిచింది.

గోథే ఆ రోజులలో న్యూటన్ వర్ణ సిద్ధాంతాన్ని కాదని తనదైన సిద్ధాంతాన్ని రూపొందిస్తున్నాడు. అందుకు అవసరమైన ప్రయోగాలలో సీబెక్ తోడ్పడ్డాడు. వర్ణపటంలోని వేర్వేరు రంగుల కాంతి తడి సిల్వర్ క్లోరైడ్ మీద పడినప్పుడు ఆ పదార్థం దాదాపు అదే రంగును సంతరించుకొంటుందని 1810లో గమనించాడు. రంగుల ఛాయాచిత్రణ చరిత్రలో ఈ పరిశీలనను తొలి మెట్లలో ఒకటిగా పేర్కొంటారు. గోథే 1810లో ప్రచురించిన వర్ణ సిద్ధాంత గ్రంథంలో ఈ వివరాలు చోటుచేసుకొన్నాయి. కాలక్రమంలో, ముఖ్యంగా సీబెక్ బెర్లిన్ చేరిన తరువాత, ఇద్దరి మధ్య దూరం పెరిగింది.

కాంతి పరిశోధనలు

1810లో బేరాయిట్‌కు, 1812లో న్యూరెంబర్గ్‌కు సీబెక్ నివాసం మార్చాడు. వేడిచేసి త్వరగా చల్లార్చిన గాజులో ఒత్తిడి నిలిచిపోతుంది. అటువంటి గాజు గుండా ధ్రువిత కాంతిని పంపితే రంగురంగుల ఆకృతులు కనిపిస్తాయని ఇతడు కనుగొన్నాడు. ఇదే విషయాన్ని స్కాట్లండుకు చెందిన డేవిడ్ బ్రూస్టర్ స్వతంత్రంగా గుర్తించాడు. 1816లో పారిస్ శాస్త్ర అకాడమీ బహుమతి వీరిద్దరికీ కలిపి లభించింది.

చక్కెర ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని తిప్పుతుందన్న విషయాన్ని కూడా సీబెక్ 1818లో పరిశీలించాడు. ఫ్రాన్సులో బయో ఇదే అంశం మీద అంతకు ముందే కృషి చేశాడు. చెరకు రసంలో చక్కెర శాతాన్ని నిర్ధారించే పోలారిమీటర్ ఈ ధర్మం మీదే ఆధారపడింది. తణుకు, చాగల్లు వంటి చోట్ల చక్కెర కర్మాగారాలు వెలసిన గోదావరి ప్రాంతంలో ఈ పరికరం రసాయన ప్రయోగశాలలకు సుపరిచితమే.

ఉష్ణవిద్యుత్ ఆవిష్కరణ

1818లో సీబెక్ బెర్లిన్ చేరి, అక్కడి శాస్త్ర అకాడమీ సభ్యుడిగా పరిశోధనలు కొనసాగించాడు. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ విద్యుత్ ప్రవహించే తీగ సమీపంలోని అయస్కాంత సూచిని కదిలిస్తుందని ప్రకటించాడు. ఈ వార్త ఐరోపా అంతటా సంచలనం కలిగించింది. సీబెక్ వెంటనే ఆ ప్రయోగాలను తిరిగి చేసి, విస్తరించసాగాడు.

ఆ క్రమంలో బిస్మత్, రాగి ముక్కలను కలిపి వలయంగా ఏర్పరచి, దాని మధ్య అయస్కాంత సూచిని ఉంచాడు. విద్యుత్ ఘటం లేకపోయినా, సంధిని చేతితో నొక్కి పట్టినప్పుడు సూచి కదిలింది. చేతి తేమ ఇందుకు కారణమా అన్న సందేహంతో చేతికీ లోహానికీ మధ్య ఇతర వస్తువులను ఉంచి పరీక్షించాడు. చివరకు కారణం తేమ కాదనీ, చేతి వెచ్చదనమనీ తేల్చాడు. సంధిని దీపంతో వేడిచేసినప్పుడు సూచి మరింత ఎక్కువగా కదిలింది. ఒక సంధిని వేడిచేయడానికి బదులు రెండవ సంధిని చల్లబరచినా అదే ఫలితం వచ్చింది. అంటే ముఖ్యమైనది వేడి కాదు, రెండు సంధుల మధ్య ఉష్ణోగ్రతా భేదం.

1821లో ఈ ఫలితాలను బెర్లిన్ అకాడమీకి నివేదించాడు. సమగ్రమైన వ్యాసం 1825లో వెలువడింది. అనేక లోహాలను, మిశ్రలోహాలను, ఖనిజాలను జంటలుగా పరీక్షించి, వాటి ప్రభావం ప్రకారం ఒక వరుసలో అమర్చాడు. ఈ శ్రేణిలో బిస్మత్, ఆంటిమొని దూరదూరంగా ఉంటాయి. శ్రేణిలో ఎంత దూరంగా ఉన్న పదార్థాలను జత చేస్తే ప్రభావం అంత ఎక్కువగా ఉంటుంది.

అయస్కాంతత్వమా, విద్యుత్తా?

తన వలయంలో విద్యుత్ ప్రవహిస్తున్నదని సీబెక్ అంగీకరించలేదు. ఉష్ణోగ్రతా భేదం లోహాలను నేరుగా అయస్కాంతాలుగా మారుస్తుందని వాదించి, ఈ దృగ్విషయానికి ఉష్ణ అయస్కాంతత్వం అని పేరు పెట్టాడు. భూమికి అయస్కాంతత్వం రావడానికి కూడా భూమిలోని ఉష్ణోగ్రతా భేదాలే కారణమై ఉంటాయని భావించాడు. ఉష్ణవిద్యుత్తు అనే పదాన్ని ప్రతిపాదించిన ఎర్‌స్టెడ్‌తో విభేదించాడు.

ఈ అభిప్రాయానికి కొంత కారణం లేకపోలేదు. అతని కళ్ళకు కనిపించింది అయస్కాంత సూచి కదలిక మాత్రమే. అతని వలయంలో రసాయన ద్రవం లేదు, ఆమ్లం లేదు. వోల్టా ఘటాలతో పరిచయమున్న ఆనాటి వారికి ద్రవం లేని విద్యుత్తు వింతగా తోచడం సహజం. కానీ వలయాన్ని ఎక్కడైనా తెంచితే సూచి కదలిక ఆగిపోతుంది. అయస్కాంతత్వమే అయితే అలా ఆగవలసిన పనిలేదు. వలయం పూర్తిగా మూసి ఉంటేనే ఫలితం కలగడం విద్యుత్ ప్రవాహపు లక్షణం. ఎర్‌స్టెడ్ వివరణే సరైనదని క్రమంగా అందరూ ఆమోదించారు.

ప్రయోగం సరైనదై, వివరణ పొరపాటు కావడం వలన సీబెక్ ఆవిష్కరణ విలువ తగ్గలేదు. కానీ ఒక నష్టం మాత్రం జరిగింది. అతని శ్రేణిలోని కొన్ని ఖనిజాలు నేటి పరిభాషలో అర్ధవాహకాలు. వాటిని జతచేసి విద్యుదుత్పత్తికి వాడి ఉంటే, ఆనాటి ఆవిరి యంత్రాలకు దీటైన సామర్థ్యం లభించి ఉండేదని 20వ శతాబ్దంలో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త ఐయొఫె పేర్కొన్నాడు. అది విద్యుత్తని సీబెక్ అనుకోలేదు గనుక ఆ దారిలో ఆలోచన సాగలేదు.

తదుపరి పరిణామాలు

సీబెక్ వలయం మొదటి గొప్ప ఉపయోగం కొలతలలో కాక, విద్యుత్ శాస్త్రంలోనే కనిపించింది. జార్జ్ సైమన్ ఓమ్ తన ప్రయోగాలలో వాడిన ఘటాల బలం వాడేకొద్దీ తగ్గిపోతుండేది. పోగెన్‌డార్ఫ్ సలహాపై అతడు బిస్మత్-రాగి ఉష్ణయుగ్మాన్ని వాడాడు. ఒక సంధిని మరిగే నీటిలో, రెండవదానిని మంచులో ఉంచడంతో నిలకడైన విద్యుచ్చాలక బలం లభించింది. 1826లో వెలువడిన ఓమ్ నియమానికి ఈ నిలకడే ఆధారమయ్యింది.

1834లో ఫ్రాన్సుకు చెందిన పెల్టియే దీనికి విపర్యయమైన ఫలితాన్ని, అంటే విద్యుత్ ప్రవాహం వలన ఒక సంధి చల్లబడి మరొకటి వేడెక్కడాన్ని కనుగొన్నాడు. 1850ల దశకంలో విలియం థామ్సన్ (లార్డ్ కెల్విన్) ఈ రెండింటినీ ఉష్ణగతిక శాస్త్రంతో అనుసంధానించాడు. 1880ల దశకంలో హెన్రీ లె షాటెలియే ప్లాటినం తీగను, 10 శాతం రోడియం కలిపిన ప్లాటినం తీగను జతచేసి, కొలుముల ఉష్ణోగ్రతను నమ్మకంగా కొలిచే సాధనాన్ని రూపొందించాడు. అంతవరకు కొలిమి వేడిని మంట రంగును బట్టి పనివారు అంచనా వేసేవారు.

ఉష్ణయుగ్మం పనిచేసే విధం

విద్యుచ్చాలక బలం కేవలం సంధి వద్దనే పుడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి ఒక కొన వేడిగా, మరొక కొన చల్లగా ఉన్న తీగ పొడవునా అది ఏర్పడుతుంది. రెండు తీగలు ఒకే లోహానివైతే రెండింటి ప్రభావమూ సమానమై రద్దయిపోతుంది. వేర్వేరు లోహాలైతే తేడా మిగులుతుంది. ఆ తేడాయే మిల్లీవోల్టులలో కొలవబడుతుంది. అందువలన ఉష్ణోగ్రత మారే భాగంలో తీగ పొడవునా ఒకే రకంగా ఉండడం సంధి ఎంత అవసరమో అంత అవసరం.

ఉష్ణయుగ్మం కొలిచేది ఉష్ణోగ్రతను కాదు, రెండు కొనల మధ్య ఉష్ణోగ్రతా భేదాన్ని. ప్రామాణిక పట్టికలు శీతల సంధి 0°సె వద్ద ఉన్నదనే లెక్కతో తయారయ్యాయి. ఉదాహరణకు కె రకం ఉష్ణయుగ్మం 100°సె వద్ద 4.096 మిల్లీవోల్టులు ఇవ్వాలి. గది ఉష్ణోగ్రత 30°సె అయితే అందులో 1.203 మిల్లీవోల్టులు తగ్గి, 2.893 మిల్లీవోల్టులే వస్తాయి. పట్టికలో ఆ విలువకు ఎదురుగా ఉన్నది 71°సె. అంటే మరిగే నీరు 71°సె వద్ద ఉన్నట్లు కనిపిస్తుంది. ఫలితం 70°సె అని కాకుండా 71°సె అని రావడానికి కారణం విద్యుచ్చాలక బలం ఉష్ణోగ్రతకు ఖచ్చితమైన అనుపాతంలో లేకపోవడం. కాబట్టి డిగ్రీలను కాక మిల్లీవోల్టులను కలపాలి. పూర్వం ప్రయోగశాలలలో శీతల సంధిని మంచులో ఉంచేవారు. నేటి పరికరాలు గది ఉష్ణోగ్రతను తామే కొలిచి ఈ సవరణ చేస్తాయి.

తీగల రకాలు, ఉపయోగాలు

సిద్ధాంతరీత్యా ఏ రెండు లోహాలనైనా జత చేయవచ్చు. ఆచరణలో కొన్ని జతలే స్థిరపడ్డాయి. వాటిని ఆంగ్ల అక్షరాలతో పిలుస్తారు.

కె రకం: క్రోమెల్ (నికెల్-క్రోమియం), అల్యుమెల్ (నికెల్‌తో అల్యూమినియం, మాంగనీసు, సిలికాన్). అత్యధికంగా వాడుకలో ఉన్నది ఇదే. సుమారు -200°సె నుండి 1250°సె వరకు పనికివస్తుంది. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. ప్రాణవాయువు తక్కువగా ఉన్న వేడి వాతావరణంలో క్రోమియం మాత్రమే ఆక్సీకరణం చెంది, తీగ చెడిపోయి, ఉన్నదానికంటే తక్కువ ఉష్ణోగ్రత చూపుతుంది.

జె రకం: ఇనుము, కాన్‌స్టాంటన్ (రాగి-నికెల్ మిశ్రలోహం). సుమారు 750°సె వరకు వాడతారు. ప్లాస్టిక్ అచ్చుయంత్రాలలో సాధారణం. ఇనుము తుప్పు పడుతుంది గనుక తేమగల చోట్ల తగదు.

టి రకం: రాగి, కాన్‌స్టాంటన్. -200°సె నుండి 350°సె వరకు. తేమను తట్టుకొంటుంది, తక్కువ ఉష్ణోగ్రతల వద్ద నమ్మకమైనది. శీతల గిడ్డంగులకు, ఆహార పరిశ్రమకు అనువైనది.

ఇ రకం: క్రోమెల్, కాన్‌స్టాంటన్. 100°సె వద్ద 6.319 మిల్లీవోల్టులు ఇస్తుంది. సాధారణ రకాలలో ఇదే అత్యధికం. చిన్న తేడాలను గుర్తించడానికి మేలు.

ఎన్ రకం: నిక్రోసిల్, నిసిల్. కె రకంలోని లోపాలను సరిదిద్దే ఉద్దేశంతో 1970ల దశకంలో ఆస్ట్రేలియాలో అభివృద్ధి చేశారు. అధిక ఉష్ణోగ్రతల వద్ద ఎక్కువ కాలం నిలకడగా ఉంటుంది.

ఎస్, ఆర్ రకాలు: ప్లాటినం ఒక తీగ. రెండవ తీగ 10 శాతం (ఎస్) లేక 13 శాతం (ఆర్) రోడియం కలిపిన ప్లాటినం. లె షాటెలియే జత ఎస్ రకమే. ఖరీదైనవి. 100°సె వద్ద 0.65 మిల్లీవోల్టుల లోపే ఇచ్చినా, 1400°సెకు పైబడి కూడా నిలుస్తాయి. 1990 వరకు అంతర్జాతీయ ఉష్ణోగ్రతా మానంలో కొంత భాగానికి ఎస్ రకమే ప్రమాణం.

బి రకం: 30 శాతం, 6 శాతం రోడియం కలిగిన రెండు ప్లాటినం మిశ్రలోహాలు. సుమారు 1700°సె వరకు. గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు ఏమీ ఇవ్వదు కనుక శీతల సంధి సవరణ అవసరం స్వల్పం. గాజు, ఉక్కు పరిశ్రమలలో వాడతారు.

జతచేయడంలో జాగ్రత్తలు

ఉష్ణయుగ్మం నుండి నియంత్రణ గదిలోని పరికరం వరకు అదే రకానికి తగిన పొడిగింపు తీగను వాడాలి. దానికి బదులు మామూలు రాగి తీగ వేస్తే, శీతల సంధి పరికరం వద్ద కాక కొలిమి పక్కనున్న పెట్టెలోకి మారిపోతుంది. ఆ పెట్టె 60°సె, నియంత్రణ గది 25°సె వద్ద ఉంటే పరికరం సుమారు 35 డిగ్రీలు తక్కువగా చూపుతుంది. కొలిమి చల్లగా ఉన్నదని భ్రమపడి ఇంధనం పెంచితే, నిజంగా ఉన్న వేడి మరింత పెరుగుతుంది.

తీగల రంగులు మరొక చిక్కు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కె రకం ఆకుపచ్చ, జె నలుపు, టి గోధుమ, ఇ ఊదా, ఎన్ గులాబీ, ఎస్, ఆర్ నారింజ రంగులలో ఉండి, రుణ తీగ ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. అమెరికా ప్రమాణంలో కె రకం పసుపు. అక్కడ ఎర్ర తీగ రుణ తీగ. ఎరుపంటే ధన తీగ అనే అలవాటుతో బిగించినవారు పొరబడతారు. పైగా అమెరికా పద్ధతిలో ఆకుపచ్చ అంటే ఎస్, ఆర్ రకాలు. అందువలన రంగును చూసే ముందు ఏ దేశపు ప్రమాణమో చూడాలి. కె రకంలో రుణ తీగ అయిన అల్యుమెల్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది, క్రోమెల్‌ను ఆకర్షించదు. జె రకంలో ధన తీగ అయిన ఇనుమును ఆకర్షిస్తుంది. చిన్న అయస్కాంతంతో ఈ సందేహం తీర్చుకోవచ్చు.

గోదావరి తీరంలో ఉపయోగం

కొవ్వూరు (2022 ఏప్రిల్ వరకు పశ్చిమ గోదావరి, ఆ తరువాత తూర్పు గోదావరి జిల్లా) పట్టణంలో ఆంధ్రా షుగర్స్ సంస్థ నెలకొల్పిన రసాయన కర్మాగారం గంధకికామ్లం, కాస్టిక్ సోడా వంటి ఉత్పత్తులతో ప్రసిద్ధి చెందింది. గంధకికామ్లం తయారీలో ఉష్ణోగ్రత ఎంత కీలకమో సాధారణంగా స్పర్శా విధానాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది. ముందుగా గంధకాన్ని సుమారు 1000°సె వద్ద మండిస్తారు. తరువాత సల్ఫర్ డయాక్సైడు వాయువును వెనేడియం పెంటాక్సైడు ఉత్ప్రేరకం మీదుగా 400-450°సె వద్ద పంపి ట్రయాక్సైడుగా మారుస్తారు. ఉష్ణోగ్రత తగ్గితే ఉత్ప్రేరకం పనిచేయదు. మరీ పెరిగితే చర్య వెనుకకు మరలి, ఉత్ప్రేరకం దెబ్బతింటుంది. రెండు సందర్భాలలోనూ మారకుండా మిగిలిన వాయువు పొగగొట్టం గుండా ఊరి మీదికి, పంటల మీదికి వస్తుంది. ఇటువంటి చోట్ల రక్షక గొట్టంలో అమర్చిన కె రకం ఉష్ణయుగ్మాలు సరిపోతాయి.

గోదావరి ఆనకట్ట భాగాలలో ఒకటైన విజ్జేశ్వరం వద్ద సహజవాయువుతో నడిచే విద్యుత్కేంద్రాన్ని నిర్మించారు. గ్యాస్ టర్బైన్ల నుండి వెలువడే వాయువుల ఉష్ణోగ్రతను కొలవడానికి సాధారణంగా కె రకాన్నే వాడతారు. రాజమండ్రి కాగితపు మిల్లు, చక్కెర మిల్లుల బాయిలర్లు, భీమవరం ప్రాంతపు రొయ్యల శీతలీకరణ కర్మాగారాలు ఉష్ణోగ్రతా నియంత్రణ అవసరమైన మరికొన్ని పరిశ్రమలు. చివరిదానికి టి రకం తగినది. విశాఖపట్నం వంటి ఉక్కు కర్మాగారాలలో సుమారు 1600°సె ఉండే ద్రవ ఉక్కులో ప్లాటినం జతగల కడ్డీని ముంచి కొన్ని క్షణాలలో కొలత తీసుకొంటారు. ఆ కొన ఒక్కసారికే పనికివస్తుంది.

అంతిమ దశ, కుటుంబం

సీబెక్ 1831 డిసెంబరు 10న బెర్లిన్‌లో మరణించాడు. కుమారుడు ఆగస్ట్ సీబెక్ (1805-1849) ధ్వనిశాస్త్రంలో పేరుపొందాడు. సంగీత స్వరం స్వభావం గురించి 1840ల దశకంలో ఇతడు ఓమ్‌తో వాదానికి దిగాడు. తండ్రి ఆవిష్కరణ సాయంతో తన నియమాన్ని నిరూపించిన ఓమ్‌తోనే కుమారుడు వాదించడం శాస్త్ర చరిత్రలో విశేషం. మరొక కుమారుడు మోరిట్జ్ సీబెక్ విద్యావేత్త.

గుర్తింపు

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారినప్పుడు ఏర్పడే విద్యుచ్చాలక బలాన్ని సీబెక్ గుణకం అంటారు. తెలుగు మాధ్యమ ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో సీబెక్ ఫలితం, తటస్థ ఉష్ణోగ్రత, విలోమ ఉష్ణోగ్రత చాలాకాలం పాఠ్యాంశాలుగా ఉండేవి. 1977లో ప్రయోగించిన వాయేజర్ నౌకలకు విద్యుత్తును అందించే సాధనాలలో ప్లుటోనియం వేడిని సిలికాన్-జెర్మేనియం ఉష్ణయుగ్మాలు విద్యుత్తుగా మారుస్తాయి. సీబెక్ జన్మస్థలమైన తాలిన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం తన ఎలక్ట్రానిక్స్ విభాగానికి ఇతని పేరు పెట్టింది.